ఆకాశ విద్యుత్ప్రవాహాల అన్వేషి – క్రిస్టియన్ బిర్క్‌లాండ్ (1867–1917)

1892వ సంవత్సరం చివరలో లండన్ రాయల్ సొసైటీ వార్షిక సభకు అధ్యక్షత వహించిన లార్డ్ కెల్విన్ ఒక లెక్కను సభ్యుల ముందుంచాడు. 1885 జూన్ 25న ప్రపంచంలోని అయస్కాంత వేధశాలలన్నింటిలోను సూచికలు ఏకకాలంలో కలవరపడ్డాయి. దానినే అయస్కాంత తుఫాను అంటారు. అది అంత తీవ్రమైన తుఫాను కూడా కాదు; ఎనిమిది గంటలు మాత్రమే సాగింది. ఆ కలవరానికి సూర్యుడే కారణమైతే, ఆ ఎనిమిది గంటలలో సూర్యుడు అయస్కాంత తరంగాల రూపంలో దశదిశలకు వెదజల్లవలసిన శక్తి, నాలుగు నెలలపాటు అది వెలుగుగాను వేడిగాను ఇచ్చే శక్తికి సమానం కావాలని కెల్విన్ గణించాడు. అది అసంభవం. కనుక సూర్యబింబంపై మచ్చలు హెచ్చిన సంవత్సరాలలోనే భూమిపై అయస్కాంత తుఫానులు హెచ్చడం కేవలం కాకతాళీయమని ఆ మహాశాస్త్రజ్ఞుడు తీర్పు చెప్పాడు.

కెల్విన్ గణితంలో దోషం లేదు. దోషమున్నది ఆయన ఊహలో. శక్తి సూర్యుని నుండి తరంగంగానే రావాలని, అన్ని దిక్కులకు సమానంగా చెదరిపోవాలని ఆయన అనుకున్నాడు. శక్తి మరొక దారిన రావచ్చునని, ఆ దారి భూమి అయస్కాంత బలరేఖల వెంట ధ్రువప్రాంతాలకు దిగివస్తుందని, అక్కడ మన వాతావరణపు పై పొరలలో ఆ శక్తి ఖర్చవుతుందని చెప్పిన వ్యక్తి అప్పటికి నార్వే రాజధానిలో ఇరవై నాలుగేళ్ల యువకుడు. అతని పేరు క్రిస్టియన్ ఓలాఫ్ బెర్న్‌హార్డ్ బిర్క్‌లాండ్. ఆయన చెప్పినది ఋజువు కావడానికి ఆయన మరణానంతరం అర్ధశతాబ్దం పట్టింది.

బిర్క్‌లాండ్ 1867 డిసెంబరు 13న క్రిస్టియానియా నగరంలో జన్మించాడు. నేటి ఆస్లో నగరానికి ఆనాటి పేరు అది. గణితంలో మొదలుపెట్టి భౌతికశాస్త్రం వైపు మళ్లాడు. పారిస్‌లో హెన్రీ పొయాంకరే వద్ద, తరువాత జెనీవా, బాన్ నగరాలలోను చదువు సాగించాడు. విద్యుదయస్కాంత శాస్త్రానికి పునాదులైన మాక్స్‌వెల్ సమీకరణాలకు సాధారణ పరిష్కారాన్ని 1895లో ప్రకటించాడు. ముప్పై ఏళ్ల ప్రాయంలోనే, 1898లో, స్వనగరంలోని విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. ఈ దారినే పోయి ఉంటే ఆయన గౌరవనీయుడైన గణితభౌతిక పండితునిగా సుఖంగా జీవించేవాడు. కాని కాగితం మీది సమీకరణం ఆయనకు చాలలేదు.

ఆ రోజులలో యూరపు ప్రయోగశాలలన్నింటా కాథోడ్ కిరణాల చర్చే. గాలి తీసివేసిన గాజుగొట్టంలో విద్యుత్తు ప్రసరింపజేస్తే ఋణధ్రువం నుండి వెలువడే ఆ కిరణాలు ఎలక్ట్రాన్ల ప్రవాహమని తేలడానికి 1897 రావలసి వచ్చింది. అంతకు ముందే, 1896లో, బిర్క్‌లాండ్ ఒక విశేషం గమనించాడు. బలమైన అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే ఆ కిరణాలు చెదరిపోక, అయస్కాంత ధ్రువం వైపు ఒక గరాటులోకి పోసినట్టుగా కేంద్రీకృతమయ్యాయి. భూమి కూడా ఒక అయస్కాంతమే. ఉత్తరధ్రువ ప్రాంతంలో శీతకాలపు రాత్రులందు ఆకాశమంతా ఆకుపచ్చని, ఎర్రని తెరలు వ్రేలాడినట్టు కనిపించే ధ్రువజ్యోతి కూడా ధ్రువాల చుట్టూ ఒక వలయంలోనే కనబడుతుంది. సూర్యుని నుండి అటువంటి కిరణాలే వెలువడి, భూమి అయస్కాంతం వలన ధ్రువాల వైపు ఆకర్షింపబడి, ఎత్తైన గాలి పొరలను తాకి వెలిగిస్తున్నాయేమో! ఈ ఊహ ఆయన జీవితాన్నంతా హరించింది.

ధ్రువజ్యోతిని చూడడానికి నార్వే ఉత్తరపు కొసకు, ఫిన్‌మార్క్ మండలానికి వెళ్లాలి. అక్కడ శీతకాలంలో వారాల తరబడి సూర్యుడు ఉదయించడు. 1897లో చేసిన తొలి యాత్రలో మంచుతుఫానులో చిక్కుకుని బృందం ప్రాణాలతో బయటపడడమే గొప్ప అయింది. ఆ తొలి యాత్రల శీతలానికి చేతివేళ్లు కోల్పోయిన బ్యోర్న్ హెలాండ్‌హాన్సెన్ అనే విద్యార్థి వైద్యవిద్య ఆశ వదులుకుని, తరువాత సముద్రశాస్త్రంలో ప్రపంచప్రఖ్యాతి గడించాడు. బిర్క్‌లాండ్ వెనుదీయలేదు. 1899లో హాల్డె అనే పర్వతశిఖరంపై, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, రాతితో వేధశాల కట్టించి ఆ శీతకాలమంతా అక్కడే పరిశీలనలు జరిపాడు. 1900లో హిమపాతం క్రింద పడి ఆయన సహాయకుడు ఎలిసార్ బోయె మరణించాడు. శాస్త్రజ్ఞుల జీవితకథలలో ఇటువంటి పేర్లు ఒక పంక్తిలో వచ్చి పోతాయి. ఆ ఒక్క పంక్తి అయినా వ్రాయక తప్పదు.

ఇంత కష్టానికి ఫలితమేమి? ఒకే శిఖరం మీద కూర్చుని ఆకాశాన్ని చూచినంత మాత్రాన తుఫాను ఆకృతి తెలియదని ఆయన గ్రహించాడు. ఒకే క్షణంలో అనేక స్థలాలలో అయస్కాంత సూచిక ఎటు ఎంత కదలిందో తెలిస్తే, ఆ కదలికకు కారణమైన విద్యుత్ప్రవాహం ఎక్కడ ఎటు పారుతున్నదో వెనుకకు లెక్కగట్టవచ్చు. తీగలో విద్యుత్తు పారితే ప్రక్కనున్న దిక్సూచి ముల్లు కదులుతుందని మన విద్యార్థులందరు ప్రయోగశాలలో చూచినదే. ఇక్కడ తీగ నూరు కిలోమీటర్ల పైన ఆకాశంలో ఉన్నది, అంతే భేదం. 1902–1903 శీతకాలంలో ఆయన నార్వేలోను, ఐస్‌లాండ్‌లోను, స్పిట్స్‌బెర్గెన్‌లోను, రష్యాకు చెందిన నోవాయా జెమ్లియా ద్వీపంలోను ఒకేసారి నాలుగు కేంద్రాలు నెలకొల్పాడు. అదే కాలపు నమోదులను పంపుమని ప్రపంచమంతటి వేధశాలలను కోరాడు. అలా చేరిన కాగితపు చుట్టలలో మన దేశానికి చెందిన బొంబాయి, డెహ్రాడూన్ వేధశాలల గీతలు కూడా ఉన్నాయి. ఉత్తరధ్రువ రహస్యానికి సాక్ష్యం చెప్పినవారిలో మనవారూ ఉన్నారన్నమాట.

ఆ గీతలను క్షణం క్షణం పోల్చి ఆయన పటాలు గీశాడు. తుఫాను వేళ ధ్రువజ్యోతి వలయం వెంబడి ఒక మహాప్రవాహం అడ్డంగా పారుతున్నట్లు తేలింది. అయితే విద్యుత్ప్రవాహానికి ఆది అంతం ఉండరాదు. వలయం పూర్తి కావాలి. ఆ అడ్డపు ప్రవాహం రెండు కొసలలోను నిలువుగా, అయస్కాంత బలరేఖల వెంట పైకి క్రిందికి సాగి, బాహ్యాకాశంతో కలుస్తున్నదని ఆయన నిర్ణయించాడు. ఒక కొస నుండి ఆకాశం దిగివస్తుంది, మరొక కొస నుండి తిరిగి ఎక్కిపోతుంది. ఈ సిద్ధాంతమంతా నార్వే ధ్రువజ్యోతి యాత్ర అనే బృహద్గ్రంథంగా 1908లోను 1913లోను రెండు భాగాలుగా వెలువడింది. దిగివచ్చి ఎక్కిపోయే ఆ నిలువు ప్రవాహాలను గురించే తరువాతి వివాదమంతా.

ఆకాశంలో జరిగేదానిని గదిలో చూపాలన్న పట్టుదల కూడా ఆయనకుండేది. లోపల విద్యుదయస్కాంతం అమర్చిన లోహగోళాన్ని తయారుచేసి, కిరణాలు తాకినచోట వెలిగే పూత దానిపై పూసి, గాలి తీసివేసిన గాజుపేటికలో వ్రేలాడదీసి, ఎదుటనున్న కాథోడ్ నుండి కిరణాలను దానిపైకి వదిలాడు. ఆ బుల్లి భూమికి టెరెల్లా అని పేరు. లోపలి అయస్కాంతానికి విద్యుత్తు ఇవ్వగానే గోళం ధ్రువాల చుట్టూ రెండు వెలుగు వలయాలు ప్రత్యక్షమయ్యాయి. తరువాత తరువాత పేటికలు పెద్దవయ్యాయి. 1913 నాటి కడపటి పేటిక వేయి లీటర్ల పరిమాణం గలది. ఈ ప్రయోగాలను చూచి ముగ్ధుడైన గణితజ్ఞుడు కార్ల్ స్టర్మర్, అయస్కాంత క్షేత్రంలో ఒక్కొక్క ఎలక్ట్రాను ఏ దారిన పోతుందో ఏళ్ల తరబడి చేతితో లెక్కగట్టాడు. కంప్యూటరు లేని కాలమది.

ఇదంతా డబ్బుతో కూడిన పని. పేటికలకు, యాత్రలకు విశ్వవిద్యాలయం ఇచ్చేది ఏ మూలకూ చాలదు. ఇక్కడ బిర్క్‌లాండ్ కథ విచిత్రమైన మలుపు తిరుగుతుంది. విద్యుదయస్కాంతాలతో పేలుడుమందు లేకుండా గుండు విసరే ఫిరంగిని ఆయన కనిపెట్టి, దాని హక్కులకు ఒక సంస్థ స్థాపించి వాటాలు అమ్మాడు. 1903లో విశ్వవిద్యాలయ సభామందిరంలో ప్రముఖుల ఎదుట ప్రదర్శన ఏర్పాటైంది. మీట నొక్కగానే తీగలు పరస్పరం కలిసి ఘోరమైన శబ్దంతో జ్వాల ఎగసింది. ప్రేక్షకులు పరుగులు తీశారు. గుండు గురికి తగిలిన మాట నిజమే. కాని ఆ మాట విన్నదెవరు? సంస్థ వాటాలు విలువ కోల్పోయాయి.

ఆ రోజులలోనే ఒక విందులో సామ్ ఐడ్ అనే ఇంజనీరుతో ఆయనకు పరిచయమైంది. నార్వే జలపాతాల విద్యుత్తును ఏదైనా పరిశ్రమకు వినియోగించాలన్నది ఐడ్ తపన. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చగలిగితే దానికి మించిన పరిశ్రమ లేదు. ఎందుకంటే చిలీ దేశపు గనుల నైట్రేటు తరిగిపోతే ప్రపంచానికి తిండి కరువవుతుందని ఆనాటి శాస్త్రజ్ఞుల భయం. అందుకు ఆకాశపు మెరుపు వంటి విద్యుచ్చాపం కావాలి. ఫిరంగిని చెడగొట్టిన జ్వాల బిర్క్‌లాండ్‌కు తెలిసినదే. చాపాన్ని అయస్కాంతంతో పళ్లెంలాగా వెడల్పుగా పరచి, దాని గుండా గాలిని పంపితే నత్రజని, ఆమ్లజని కలిసి నైట్రిక్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. దాని నుండి నత్రికామ్లం, దాని నుండి ఎరువు. రసాయనశాస్త్రపు పాత పాఠ్యపుస్తకాలు చదివినవారికి బిర్క్‌లాండ్–ఐడ్ పద్ధతి అనే పేరు పరిచితమే. 1905లో నార్స్క్ హైడ్రో సంస్థ ఏర్పడింది. అది నేటికీ నార్వే మహాసంస్థలలో ఒకటి. తరువాత హేబర్ పద్ధతి చవకగా రావడంతో చాపపు కొలుములు మూతపడ్డాయి. కాని అప్పటికి బిర్క్‌లాండ్‌కు కావలసిన ధనం చేకూరింది. అదంతా ఆయన గాజుపేటికలకు, కాగితాలకు, యాత్రలకే పోయింది.

సంసారం నిలువలేదు. 1905లో ఇడా షార్లట్ హామర్‌ను వివాహమాడాడు, 1911లో విడిపోయారు. రాత్రులందు ప్రయోగశాల, పగళ్లు కార్ఖానా; నిద్ర కరువై నిద్రమందుకు అలవాటుపడ్డాడు. ఆయన పేరు నోబెల్ బహుమానానికి పలుమార్లు ప్రతిపాదించబడినా బహుమానం మాత్రం రాలేదు.

ఇక ఆయన దృష్టి దక్షిణానికి మళ్లింది. సూర్యోదయానికి చాలా ముందు, తూర్పుదిక్కున, క్షితిజం నుండి నిలువుగా పైకి లేచే ఒక మసక వెలుగు ఉన్నది. ఇంగ్లీషువారు దానిని రాశిచక్రపు కాంతి అంటారు. మన పాఠకులలో చాలమందికి అది వేరొక పేరుతో చిరపరిచితం. రంజాను మాసంలో సహరీ వేళను నిర్ణయించేటప్పుడు పెద్దలు సుబ్హె కాజిబ్, సుబ్హె సాదిక్ అని రెండు వేకువలను వేరుపరుస్తారు కదా! తోడేలు తోకవలె నిలువుగా కనిపించి మాయమయ్యే మొదటి వెలుగు అబద్ధపు వేకువ. ఆపైన క్షితిజం వెంబడి అడ్డంగా పరచుకునేది నిజమైన వేకువ. ఫజర్ నమాజుకు కాలం రెండవదానితో మొదలవుతుంది. ఆ అబద్ధపు వేకువను నిర్మలమైన ఎడారి ఆకాశంలో చూడాలని బిర్క్‌లాండ్ సూడానుకు, ఆపై ఈజిప్టుకు వెళ్లాడు. 1913 నుండి కైరో సమీపంలోని హెల్వాన్‌లో నివాసం ఏర్పరచుకున్నాడు. నార్వే ఆచార్యుడు ఫొటో పలకలు సిద్ధం చేసుకుని ఎదురుచూచిన వెలుగునే, ఆ ఊరి మసీదులో ముఅజ్జిన్ కూడా ప్రతిదినం గమనించి, అది నిజమైన వేకువ కాదని ఆగి ఉండేవాడు. ఈ కాంతి కూడా సూర్యుని విద్యుత్కిరణాల పనియేనని బిర్క్‌లాండ్ విశ్వాసం. అది పొరపాటు. గ్రహాల మధ్య వ్యాపించియున్న ధూళిపై సూర్యకాంతి పడి చెదరడమే దానికి కారణమని నేడు మనకు తెలుసు. తనకు దొరికిన తాళపుచెవితో అన్ని తలుపులూ తెరుచుకుంటాయని ఆయన భ్రమించాడని ఈ విషయంలో చెప్పక తప్పదు.

1914లో మహాయుద్ధం వచ్చింది. ఈజిప్టులో ఒంటరివాడైన ఆయనకు నిద్రలేమి ముదిరింది. తనను ఎవరో వెంబడిస్తున్నారనే భయం కూడా పట్టుకుంది. స్వదేశానికి చేరుదామంటే సముద్రంలో జలాంతర్గాముల యుద్ధం. అందుచేత 1917లో ఆయన ఎదురుదారి ఎన్నుకున్నాడు. ఆసియా ఖండమంతా చుట్టి జపాను మీదుగా నార్వే చేరుదామని బయలుదేరాడు. టోక్యోలో భౌతికశాస్త్రజ్ఞుడు, ప్రసిద్ధ వ్యాసరచయిత అయిన తెరదా తొరహికో ఆయనకు పూర్వపరిచితుడు. అక్కడ కొంతకాలం గడిపాడు. 1917 జూన్ 15న ఉయెనో ప్రాంతంలోని సేయోకెన్ హోటలు గదిలో ఆయన మరణించి కనిపించాడు. మోతాదుకు ఎన్నో రెట్లు మించిన నిద్రమందు అందుకు కారణం. తెలిసి జరిగినదా, తెలియక జరిగినదా అన్నది నేటికీ తేలలేదు, తేల్చడానికి మనమెవరం? ఆయనకు యాభై ఏళ్లు నిండడానికి ఆరు నెలలున్నాయి. తెరదా ఎన్నో ఏళ్ల తరువాత, 1935లో, ఆ ఆచార్యుని మరణం గురించి ఒక వ్యాసం వ్రాశాడు. చితాభస్మం మాత్రం నార్వే చేరింది.

మనిషితోపాటు సిద్ధాంతానికి కూడా దుర్దశ ప్రాప్తించింది. బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఆర్థర్ షూస్టర్ 1911లోనే ఒక ఆక్షేపణ తెలిపాడు. ఒకే జాతి విద్యుత్తు గల కణాలు పరస్పరం వికర్షించుకుంటాయి గదా, సూర్యుని నుండి భూమి దాకా గుంపుగా ఎట్లా రాగలవు? ఇది న్యాయమైన ప్రశ్న. ధనకణాలు ఋణకణాలు కలిసి వస్తాయని బిర్క్‌లాండ్ చివరి సంవత్సరాలలో ఆలోచన సవరించుకున్నా, దానిని నిలబెట్టడానికి ఆయుష్షు చాలలేదు. తరువాతి తరంలో ఈ రంగాన్ని ఏలినవాడు సిడ్నీ చాప్‌మన్. ఆయన గణితం సుందరమైనది, క్రమబద్ధమైనది. తుఫాను కాలపు ప్రవాహాలన్నీ మన వాతావరణపు పై పొరలోనే, అయానావరణంలోనే, చుట్టి తిరుగుతాయని, పైనుండి దిగివచ్చే నిలువు ప్రవాహాలు అవసరం లేదని ఆయన చూపాడు. స్వీడన్ దేశపు హాన్నెస్ ఆల్ఫ్వెన్ ఒక్కడు 1939 నుండి బిర్క్‌లాండ్ పక్షాన నిలిచి వాదిస్తూ వచ్చాడు. ఆయనకు 1970లో నోబెల్ బహుమానం వచ్చింది. వాదన మాత్రం చిరకాలం అరణ్యరోదనమే అయింది.

ఇక్కడ చాప్‌మన్‌ను నిందించడం తేలిక. కాని అది సత్యం కాదు. నేలమీద ఎన్ని దిక్సూచులు నిలిపినా ఈ వివాదం తేలదు! నిలువు ప్రవాహం, దానితో కలిసి అయానావరణంలో చెదరిపోయే ప్రవాహం — ఈ రెండింటి ప్రభావాలు నేలమీద ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయని జపాను శాస్త్రజ్ఞుడు నవోషి ఫుకుషిమా తరువాత గణితం ద్వారా నిరూపించాడు. అనగా బిర్క్‌లాండ్ చేతిలోనున్న కాగితాలను బట్టే చాప్‌మన్ చెప్పినది కూడా సాధ్యమే. తీర్పు చెప్పాలంటే సూచికను ఆ ప్రవాహాల మధ్యకే, వాతావరణం పైకే, తీసుకుపోవాలి. అది 1917లో ఎవరి తరమూ కాదు.

1963లో అమెరికా నౌకాదళపు ఉపగ్రహమొకటి సుమారు 1,100 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ధ్రువజ్యోతి వలయాన్ని దాటినప్పుడల్లా అందులోని అయస్కాంతమాపకం ఒక్కసారిగా ప్రక్కకు మొగ్గడం చూపింది. ఆల్ఫ్రెడ్ జ్మూడా, ఆయన సహచరులు దీనిని 1966లో ప్రకటించారు. మొదట అది ఏదో తరంగమనుకున్నారు. కమింగ్స్, డెస్లర్ అనే ఇద్దరు 1967లో అది తరంగం కాదు, బిర్క్‌లాండ్ చెప్పిన నిలువు ప్రవాహమే అని గుర్తించారు. 1972లో ప్రయోగించిన ట్రయాడ్ ఉపగ్రహం సందేహాలను తొలగించింది. ఇజిమా, పొటెమ్రా 1976లో ఆ ప్రవాహాలు రెండు వలయాలుగా ధ్రువాన్ని చుట్టియున్న పటం గీశారు. నేడు వాటిని బిర్క్‌లాండ్ ప్రవాహాలని పిలుస్తారు. తుఫాను వేళ అవి అనేక లక్షల ఆంపియర్లకు చేరుతాయి.

ఇది కేవలం ఒక పేరు నిలిచిన కథ అయితే ఇంతగా వ్రాయనక్కరలేదు. కెల్విన్ అడిగిన శక్తి లెక్కకు సమాధానం ఈ ప్రవాహాలలోనే ఉన్నది. హీటరు తీగలో విద్యుత్తు పారితే తీగ వేడెక్కుతుంది. అలాగే నూరు నుండి నూట ఏభై కిలోమీటర్ల ఎత్తున, విద్యుత్కణాలు మామూలు గాలి కణాలను ఢీకొంటూ పారినప్పుడు ఆ పలుచని గాలి వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి ఉబ్బి పైకి లేస్తుంది. రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున సాంద్రత పెరిగి, అక్కడ తిరిగే ఉపగ్రహాలను వెనుకకు ఈడుస్తుంది. 1958 నాటి అయస్కాంత తుఫానులో ఒక స్పుట్నిక్ గమనం మారడాన్ని బట్టి లుయిజి యాకియా ఈ సంగతిని 1959లోనే పసిగట్టాడు. విద్యుత్ప్రవాహపు ఉష్ణమే అందుకు మూలమని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు కీత్ కోల్ 1962లో వివరించాడు.

సాధారణ దినాలలో ఊర్ధ్వ వాతావరణానికి ప్రధాన ఆదాయం సూర్యుని అతినీలలోహిత కిరణాలే. సగటున నలభై ఏభై కోట్ల కిలోవాట్లు. బిర్క్‌లాండ్ ప్రవాహాల పద్దు సగటున సుమారు పది కోట్ల కిలోవాట్లు. నేరుగా రాలిపడే కణాల పద్దు అంతకంటె తక్కువ. మహాతుఫాను వచ్చిన నాడు మాత్రం ఈ చిన్న పద్దులే పెద్దపద్దును మించిపోతాయి. ఆ శక్తి ఎప్పుడు, ఎక్కడ, ఎంత వచ్చి పడుతుందో ముందుగా గణించడమే నేటి శాస్త్రజ్ఞులకు పెద్దసమస్య. దీనికి విద్యుత్ క్షేత్రం తెలియాలి, గాలి వాహకత తెలియాలి. రెండూ నిమిష నిమిషానికి మారుతాయి. ఒక చిక్కు చూడండి. ఉష్ణం విద్యుత్ క్షేత్రపు వర్గాన్ని అనుసరిస్తుంది. క్షేత్రం ఒక క్షణం 20, మరుక్షణం 60 అయితే సగటు 40. దాని వర్గం 1600. కాని నిజంగా పుట్టిన వేడి 400కు 3600కు సగటు, అనగా 2000. సగటు క్షేత్రాన్ని నమ్మిన గణన అయిదవ వంతు శక్తిని మరచిపోయింది. గణన నమూనాలు చాలకాలం ఊర్ధ్వ వాతావరణపు వేడిని తక్కువగా అంచనా వేయడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇటువంటి అంచనాలు తప్పితే ఏమవుతుందో తెలుగునాట పెద్దలకు స్వానుభవమే. స్కైలాబ్ అనే అంతరిక్షశాల మరికొన్నేళ్లు పైననే ఉంటుందనుకున్నారు. సూర్యుని ఉద్రేకం ఊహించినదానిని మించి, పై గాలి ఉబ్బడంతో అది 1979 జూలై 11న నేలరాలింది. అది ఎక్కడ పడుతుందో తెలియక మన పల్లెలలో జనం పడిన భయం కథలుగా చెప్పుకుంటారు. చివరకు శకలాలు హిందూ మహాసముద్రంలోను, ఆస్ట్రేలియాలోను పడ్డాయి. 2022 ఫిబ్రవరిలో ఒక అమెరికా సంస్థ ఒకేసారి ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలలో 38 ఒక మధ్యరకపు అయస్కాంత తుఫానుకే నష్టమైపోయాయి. 2024 మే నెల మహాతుఫానులో లడఖ్‌లోని హాన్లే నుండి కూడా ఆకాశం ఎర్రబారడం కనిపించింది.

ఇంకొక విశేషం బిర్క్‌లాండ్ బ్రతికియుంటే తప్పక మెచ్చుకునేది. తుఫానుతో వేడెక్కిన ఊర్ధ్వ వాతావరణం మళ్లీ త్వరగా చల్లబడుతుంది. తుఫాను కణాలు అక్కడి నత్రజనిని విడగొట్టగా, అది ఆమ్లజనితో కలిసి నైట్రిక్ ఆక్సైడ్ ఏర్పడుతుంది. ఆ వాయువు వేడిని పరారుణ కిరణాలుగా అంతరిక్షంలోకి పంపివేస్తుంది. 2002 ఏప్రిల్ తుఫానులలో టైమ్డ్ అనే ఉపగ్రహం దీనిని స్పష్టంగా కొలిచింది. డబ్బు కోసం నార్వే జలపాతాల ప్రక్కన ఆయన కొలుములలో తయారైనదీ ఆ వాయువే. తన రెండు వృత్తులు నూరు కిలోమీటర్ల పైన ఒకే చోట కలిసియున్నాయని ఆయనకు తెలియదు.

నార్వే ప్రభుత్వం 1994లో విడుదల చేసిన 200 క్రోనర్ల నోటుపై ఆయన చిత్రం ముద్రించింది. ఆ నోటు ఇప్పుడు చలామణిలో లేదు. ఆయన పెద్ద గాజుపేటిక మాత్రం ఉత్తర నార్వేలోని ట్రోమ్సో విశ్వవిద్యాలయంలో ఉన్నది. 1990 దశకంలో దానిని మరమ్మతు చేశారు. గాలి తీసివేసి, కాథోడ్‌కు విద్యుత్తు ఇస్తే, లోపలి గోళం రెండు ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు మళ్లీ కనిపిస్తాయి.